బోస్టన్‌లో గది దండగ, ఉత్తరాలు పండగ

న్యూజెర్సీ నుంచి కారులో బోస్టన్ వెళ్ళేవాళ్ళకి ముందే చెబుతున్నాను. గది బుక్ చేసేటప్పుడు చివరి పేజీ దాకా చదవండి. మాకు చూపించిన రేటు రాత్రికి 189 డాలర్లు. తీరా కౌంటర్ దగ్గర సౌకర్యాల రుసుమని 32, పార్కింగ్‌కి 54, పైన పన్ను. ఏమిటా సౌకర్యాలంటే లాబీలో చల్లారిన కాఫీ, రెండు నీళ్ళ సీసాలు, తాళం వేసిన జిమ్. గదిలో హీటర్ రాత్రంతా టకటక కొట్టుకుంటూనే ఉంది. ఫోన్ చేస్తే పొద్దున్నే మనిషిని పంపుతామన్నారు. మేం ఖాళీ చేసేదాకా ఎవరూ రాలేదు.

కాకినాడ నుంచి వచ్చిన మా బాబాయి పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. పైసా తేడా వస్తే నిద్రపట్టని మనిషి. "ఇది పట్టపగలు దోపిడీరా" అని హార్బర్ దగ్గరా అన్నారు, హార్వర్డ్‌లోనూ అన్నారు. ఆ రెండూ బాగానే ఉన్నాయి.

ఆయన మూడ్ మారింది కోప్లీ స్క్వేర్‌లోని పబ్లిక్ లైబ్రరీలో. గుమ్మం పైన రాతిలోనే 'అందరికీ ఉచితం' అని చెక్కి ఉంటుంది. బానిసత్వం రద్దు కోసం పోరాడినవాళ్ళ ఉత్తరాలు, కరపత్రాలు, పత్రికలు అన్నీ కలిపి ఇక్కడ 40 వేల దాకా ఉన్నాయి. చాలావరకు ఆ పోరాటాన్ని ముందుండి నడిపిన పత్రికా సంపాదకుడు విలియం లాయిడ్ గారిసన్ కుటుంబం, ఆయన సహచరుల ఇళ్ళ నుంచి వచ్చినవే. మెయిల్ పెట్టి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. బ్యాగ్ లాకర్లో పెట్టాలి, లోపలికి పెన్సిల్ తప్ప పెన్ను తేనివ్వరు. ఖర్చు సున్నా.

ఈ ఉత్తరాలు సముద్రానికి అటూ ఇటూ ఉన్న ఉద్యమకారులు ఒకరికొకరు రాసుకున్నవి. ఐర్లండ్, ఇంగ్లండ్‌ల నుంచి డబ్లిన్‌లో ప్రింటింగ్ ప్రెస్ నడిపే రిచర్డ్ వెబ్, డార్లింగ్టన్‌లో ఎలిజబెత్ పీజ్, బ్రిస్టల్‌లో ఎస్ట్లిన్ తండ్రీకూతుళ్ళు అటువైపు. ఇటు బోస్టన్‌లో బానిసత్వ వ్యతిరేక సంఘం పెద్దల్లో ఒకరైన మరియా వెస్టన్ చాప్‌మన్, ఆమె చెల్లెళ్ళు. ఆ చెల్లెళ్ళలో ఒకరి ఉత్తరం తీసి చూపించారు. కాగితం నిండిపోయాక దాన్ని పక్కకి తిప్పి, ఉన్న రాత మీదే అడ్డంగా మళ్ళీ రాశారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బాబాయి మాత్రం వెంటనే పట్టేశారు. "కాగితానికింత అని చార్జీ ఉండేదిరా, అందుకే ఈ పిసినారితనం." నిజమే. అమెరికాలో 1845 దాకా 400 మైళ్ళు దాటితే ఒక్కో కాగితానికి 25 సెంట్లు.

అసలు రుచి ఇంకో ఉత్తరంలో ఉంది. బానిసత్వం నుంచి తప్పించుకుని ఈ సంఘం తరఫున ఉపన్యాసాలిచ్చే ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ఐర్లండ్ వెళ్ళారు. ఆయన ఆత్మకథను వెబ్ డబ్లిన్‌లో అచ్చువేశారు. అదే వెబ్‌కి చాప్‌మన్, డగ్లస్ డబ్బుకి లొంగుతారేమో ఓ కన్నేసి ఉంచమని రాశారు. వెబ్ ఆ ఉత్తరాన్ని డగ్లస్‌కే చదివి వినిపించారు! 1846 మార్చిలో స్కాట్లండ్‌లోని కిల్మార్నాక్ నుంచి డగ్లస్ ఆమెకి ఘాటుగా జవాబిచ్చారు: నన్ను సంఘం నుంచి వెళ్ళగొట్టాలనుకుంటే నా మీద కాపలా పెట్టండి, చాలు అని. బానిసగా ఓవర్‌సీర్ల (బానిసలతో పని చేయించే కాపలాదారుల) కింద బతికొచ్చిన మనిషికి ఆ అనుమానం ఎంత మండించి ఉంటుందో. మ్యూజియం బోర్డుల మీద వీళ్ళంతా ఒకే కుటుంబంలా కనిపిస్తారు. ఉత్తరాల్లో చూడాలి, తిట్లూ అలకలూ ఎన్నో! బాబాయి అయితే "హెడ్డాఫీసు బుద్ధి ఎక్కడైనా ఒకటే" అని తేల్చేశారు.

మర్నాడు బీకన్ హిల్ మీద 1806 నాటి ఆఫ్రికన్ మీటింగ్ హౌస్ చూశాం. గారిసన్ న్యూ ఇంగ్లండ్ బానిసత్వ వ్యతిరేక సంఘాన్ని 1832లో పెట్టింది ఇక్కడే. రైలుకి 2.40 డాలర్లు. తర్వాత ఎక్కుడు దారి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు టాక్సీలో వెళ్ళండి. తలా 50 డాలర్ల ట్రాలీ టూరు మాత్రం ఎక్కకండి, గైడు జోకులే తప్ప ఏమీ చూపించడు.

ఉత్తరాలు చాలావరకు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఏవి చూడాలో ఇంట్లోనే ఎంచుకుని వెళ్ళండి. బాబాయి ఇంకోసారి కూర్చుంటానన్నారు గానీ ఆ వారం ఖాళీల్లేవన్నారు, అందుకని మెయిల్ ఎంత ముందు పెడితే అంత మంచిది.