రిస్టోరర్ వరి ఎంపిక: పరీక్ష సంకరమా, డీఎన్‌ఏ మార్కరా?

హైబ్రిడ్ వరికి రిస్టోరర్‌ను, అంటే పుప్పొడి పనిచేయని వంధ్య తల్లి వరుసతో కలిపినప్పుడు సంతతికి సారమున్న పుప్పొడిని తిరిగి ఇచ్చే తండ్రి వరుసను, వెదకడంలో పాత పద్ధతి పరీక్ష సంకరం. ఒక్కో మొక్కను వంధ్య తల్లి వరుసతో కలిపి, మరుసటి పంటకాలంలో వచ్చే సంతతిని పూత దాకా పెంచాలి. పుప్పొడికి అయోడిన్ ద్రావణం కలిపి సూక్ష్మదర్శినిలో చూస్తే సారమున్న రేణువులు గుండ్రంగా, నల్లగా కనిపిస్తాయి. వంధ్యమైనవి చాలావరకు ముడుచుకుపోయి, రంగు పట్టకుండా ఉంటాయి. సాక్ష్యం గట్టిదే, కానీ ఒక పంటకాలం ఖర్చవుతుంది.

డీఎన్‌ఏ మార్కర్ అంటే కావలసిన జన్యువు ఉనికిని సూచించే డీఎన్‌ఏ గుర్తు. దీనికి నారు దశలోనే చిన్న ఆకు ముక్క చాలు. వైల్డ్ అబార్టివ్ (అడవి వరి నుంచి వచ్చిన) వంధ్యత్వాన్ని సరిదిద్దే ప్రధాన జన్యువుల్లో ఆర్‌ఎఫ్3 ఒకటో క్రోమోజోముపై, ఆర్‌ఎఫ్4 పదోదానిపై ఉన్నాయి. వేల మొక్కల వడపోతకు నా ఓటు దీనికే. అయితే ఆర్‌ఎం6100 లాంటి మార్కర్ ఆర్‌ఎఫ్4కు పొరుగుదే తప్ప ఆ జన్యువు కాదు. రెండింటి మధ్య పునస్సంయోగం (జత క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) జరిగితే ఫలితం తప్పుతుంది. హైబ్రిడ్ దిగుబడి గురించి అది అసలే చెప్పదు. చివరికి మిగిలిన కొన్ని మొక్కలకు సంకర పరీక్ష తప్పదు.