వావిలా, అడ్డసరమా: పెరటికి ఏది మేలు?

తొలకరి పడగానే పాఠకుల నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రహరీ వెంట కాస్త చోటుంది, మందుకు పనికొచ్చే పొద ఒకటే పెంచగలం, వావిలి నాటాలా, అడ్డసరం నాటాలా అని. రెండూ మన పొలం గట్ల మీద, రోడ్ల పక్కన పెరిగేవే. రెండింటినీ పశువులు మేయవు కాబట్టి కంచెగానూ నిలుస్తాయి. నా మొగ్గు వావిలి వైపే, అయితే మీ పెరట్లో ఎండ ఉంటేనే.

వావిలికి ఎండ కావాలి. నీడలో కొమ్మలు సన్నగా సాగిపోతాయి, ఆకు పలచబడుతుంది, పూత సరిగా రాదు. అడ్డసరం మామిడి చెట్టు కిందైనా, మేడకు ఉత్తరం పక్కనైనా, పూట ఎండ తగిలితే చాలు, దట్టంగా ఆకు వేస్తుంది. మీకు మిగిలింది నీడ చోటే అయితే అడ్డసరం నాటుకోండి. నీటి విషయంలో మాత్రం దీనికి పట్టింపు ఎక్కువ. మొదలు దగ్గర నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. వాగుల ఒడ్డున పెరగడం అలవాటున్న వావిలి తడికీ ఓర్చుకుంటుంది, వేళ్లు దిగాక ఎండకాలానికీ ఓర్చుకుంటుంది.

రెండింటికీ విత్తనాల కోసం వెతకనక్కర్లేదు, కొమ్మ నాటితే బతుకుతాయి. అడ్డసరంలో పచ్చని లేత చివర పనికిరాదు, కుళ్లిపోతుంది. బెరడు గోధుమ రంగుకు తిరుగుతున్న కొమ్మను జానెడు పొడవున, కణుపు కింద ఏటవాలుగా కోయండి. రెండు కణుపులు మట్టిలోకి, ఒకటి రెండు పైకి ఉండాలి. దీని ఆకులు పెద్దవి, వాటి నుంచే తడి ఆరిపోతుంది కాబట్టి పైన ఉంచే ఆకులను సగానికి కత్తిరించాలి. వావిలికి ఇంత జాగ్రత్త అవసరం లేదు. పెన్సిలంత లావున్న కొమ్మను వానాకాలంలో గుచ్చి తడి ఆరకుండా చూస్తే చాలు. పాత పొద దగ్గర వేరు పిలకలు ఉంటే ఇంకా సులువు. ఆ పిలకలే దాని చిక్కు కూడా. ఏటా తీసేయకపోతే పక్క మొక్కల చోటు ఆక్రమిస్తుంది.

అసలు తేడా పెంపకంలో లేదు, వాడకంలో ఉంది. ఇంట్లో మందు మొక్క పెంచేది పక్కన వైద్యుడు లేనప్పుడు కూడా వాడుకోవడానికి. అడ్డసరం ఆకు దగ్గుకు, కఫానికి లోపలికి తీసుకునే మందు, అదీ గట్టి మందు. అందులోని వాసిసిన్ అనే రసాయనం ఆధారంగానే దగ్గు మందుల్లో కలిపే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. అదే వాసిసిన్ గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది. అందుకే గర్భిణులు ఆ కషాయం జోలికే వెళ్లకూడదు. మిగతావాళ్లకు కూడా, ముఖ్యంగా పిల్లలకు, మోతాదు వైద్యుడిని అడిగే ఇవ్వాలి. పెరట్లో ఉంది కదా అని గుప్పెడు ఆకు కోసి మరగబెట్టడం నాకు ఏమాత్రం నచ్చదు.

మన ఇళ్లలో వావిలి వాడకం ఎక్కువగా ఒంటికి పైనే. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం, మోకాలి నొప్పికి ఆముదం రాసి వెచ్చచేసిన ఆకుతో కాపడం, ధాన్యానికి పురుగు పట్టకుండా గాదెలో ఎండుటాకు. వీటిలో మోతాదు తప్పి ప్రమాదం కొనితెచ్చుకునే భయం చాలా తక్కువ. వినాయక చవితికి 21 పత్రాల్లో సింధువారం, అంటే వావిలాకు, కూడా ఇంట్లోనే దొరుకుతుంది. ఊదా పూత వచ్చిందంటే తేనెటీగలు పొదను వదలవు, అది నాకు ఎంతో ఇష్టం.

వావిలిని వదిలేస్తే చిన్న చెట్టంత అవుతుంది. వానలకు ముందు ఒకసారి మోకాలి ఎత్తుకు నరకండి, నిండా లేత చిగురు వేస్తుంది. అడ్డసరాన్ని తెల్లని పూత అయిపోయాక సగానికి కత్తిరిస్తే గుబురుగా వస్తుంది. పెద్ద కుండీలో పెంచాలంటే మాత్రం అడ్డసరమే నయం.

గోరింట, తంగేడు గురించి కూడా అడుగుతున్నారు. గోరింట కంచెకు మంచిదే, చేతులకు పెట్టుకునే సరదా ఉంటే నాటండి. తంగేడును గింజ వేసిన చోటే పెరగనివ్వాలి, తల్లివేరు తెగితే పెరికి నాటిన మొక్క నిలవడం కష్టం.

నర్సరీలో వావిలి కొనేటప్పుడు ఆకు తిప్పి చూడండి. ఒక్కో కాడకు మూడు నుంచి ఐదు రెక్కలుండి, పైన పచ్చగా, అడుగున బూడిద తెలుపుగా ఉండాలి. నలిపితే ఘాటు వాసన రావాలి. అడుగుభాగం ఊదాగా ఉంటే అది అందానికి పెంచే వేరే జాతి, కొనకండి.