దీవికి ఏం పట్టుకెళ్దాం: ఘంటసాలా, బాలమురళా, ఆవకాయా?

మా బావది గుంటూరు, అరండల్‌పేట. నాది బెజవాడ, సింగ్‌నగర్. కృష్ణకు అటొకరం ఇటొకరం కాబట్టి ఏ విషయంలోనూ మాకు పొత్తు కుదరదు. 2024 వేసవిలో పిల్లల్ని తీసుకుని భవానీ ద్వీపం వెళ్దామని పడవ కోసం నిలబడి ఉండగా బావే కదిపాడు. "ఒరేయ్, నిన్ను ఒక్కణ్ణే దీవిలో వదిలేస్తే ఏ పాటలు తీసుకెళ్తావురా?"

ఈ ఆట బావ కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో రాయ్ ప్లమ్లీ అనే ఆయన 1942లో బీబీసీ రేడియోలో మొదలుపెట్టాడు. అతిథిని పిలిచి, నువ్వు దీవిలో చిక్కుకున్నావనుకో, నీకు ఎనిమిది రికార్డులే ఇస్తాం, ఏవి కావాలో చెప్పు అంటారు. గ్రామఫోనూ, ఎంతకీ తరగని పిన్నులూ అక్కడ ఉన్నాయనే అనుకోవాలి. తర్వాత్తర్వాత ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు కూడా చేర్చారు. బైబిలు, షేక్‌స్పియర్ ముందే అక్కడ ఉంటాయి. వస్తువుకు ప్రాణం ఉండకూడదు, దీవి నుంచి బయటపడడానికి పనికిరాకూడదు. అంటే పడవ అడక్కూడదు, పెళ్ళాన్ని అడక్కూడదు. రెండో నియమం వినగానే మా అక్క బావ వంక ఒక చూపు చూసింది.

ఆ రోజు బావ ఘంటసాల అన్నాడు, నేను బాలమురళి అన్నాను. పడవ వచ్చింది, వాదన సగంలో ఆగింది.

మిగతా సగం మా ఊరి వాగు బుడమేరు పూర్తి చేయించింది. ఆగస్టు 31 శనివారం బావ ఒక శుభలేఖ ఇవ్వడానికి వచ్చి, వాన తెరిపివ్వక మా ఇంట్లోనే పడుకున్నాడు. తెల్లారేసరికి నీళ్ళు గుమ్మం దాటాయి. బుడమేరు కట్టకు గండ్లు పడ్డాయని తర్వాత తెలిసింది. అప్పటికైతే తెలిసింది ఒకటే, నీళ్ళు పెరుగుతున్నాయి. మాది కింది వాటా. బియ్యం, ఫోన్లు, రెండు దిళ్ళు, అప్పటికప్పుడు మా ఆవిడ చేతికి దొరికిన ఆవకాయ సీసా పట్టుకుని, పైవాటాలో రిటైరైన లెక్కల మాస్టారి ఇంట్లో తలదాచుకున్నాం. మధ్యాహ్నానికి మా గేటు కనపడలేదు. ఆ రాత్రి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ కూడా 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. మేం సరదా పడ్డ భవానీ ద్వీపమూ మునిగింది. నాలుగు రోజులు మేడే మా దీవి. కాబట్టి ఇక్కడ రాస్తున్నది కొంచెం అనుభవంతో రాస్తున్నదే.

ముందు ఘంటసాల సంగతి. ఆయన మా కృష్ణా జిల్లా మనిషి, 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు, 1974లో పోయారు. శ్రీరామనవమి పందిరి మైకులో, పెళ్ళిలో, సందు చివర టీకొట్టులో ఆ గొంతు వినకుండా మా వయసువాళ్ళు ఎవరూ పెరగలేదు. ఆయన పాటలో గొప్ప సౌకర్యం ఏమిటంటే, విన్నవాడు కష్టపడక్కర్లేదు. మాట స్పష్టం, భావం స్పష్టం. పాత 78 రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలు, ఆపైన ఇంకొంచెం పట్టేది. ఆ కొలతలోనే ఒక జీవితం పెట్టి ఇచ్చేవారు. పద్యమైతే ఇక చెప్పక్కర్లేదు. చివరి పాదం రాగంలోకి తీసుకెళ్ళి అక్కడ నిలబెట్టేస్తారు, మనం ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి.

ఇన్ని మంచి గుణాలున్న గొంతు దీవికి పనికిరాదని రెండో రోజు రాత్రి తెలిసింది. కరెంటు లేదు, చుట్టూ నీళ్ళ చప్పుడు, ఎక్కడో కుక్క ఏడుస్తోంది. బావ ఫోన్లో 11 శాతం చార్జింగ్ ఉంది. "ఏదైతే అదవుతుంది" అని ఒక విషాద పద్యం పెట్టాడు. రెండో పాదానికి మాస్టారింటి మామ్మగారు కొంగు కళ్ళకు అద్దుకున్నారు. మూడో పాదానికి బావ గొంతు సవరించుకుని, "అక్కకి ఫోన్ కలిసిందేమో చూడరా" అన్నాడు. సిగ్నల్ లేదని ఇద్దరికీ తెలుసు. నాలుగో పాదం వినలేదు, తనే ఆపేశాడు. ఆ గొంతుతోపాటు మనవాళ్ళందరూ వచ్చి కూర్చుంటారు. ఇంట్లో ఉన్నప్పుడు అది వరం. వాళ్ళ దగ్గరికి వెళ్ళే దారి లేనప్పుడు అది వినడం చాలా కష్టం.

మరి బాలమురళి? నా పక్షం కాబట్టి నిజాయితీగా చెప్పాలి. మంగళంపల్లి వారు గోదావరి జిల్లాలో పుట్టినా పెరిగింది, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర నేర్చుకుంది మా బెజవాడలోనే. విజయవాడ రేడియోలో భక్తిరంజనికి ఆయన గొంతు ఎంత అందం తెచ్చిందో పాతవాళ్ళని అడగండి. నేను ఆయన్ని ఎంచుకున్న కారణం వేరు. ఆయన నాలుగే స్వరాలతో లవంగి, మహతి లాంటి రాగాలు కట్టారు. ఏడు స్వరాలుండగా నాలుగే చాలనుకుని, వాటితోనే తోరణాలు కట్టిన మనిషి. నాలుగు వస్తువులతో బతకాల్సిన దీవివాడికి ఇంతకంటే మంచి తోడు ఎవరుంటారు? పైగా సినిమా పాట నలభైసార్లు వింటే నలిగిపోతుంది. ఆలాపన నలగదు. ఇవాళ విన్న చోట రేపు వినపడదు, రేపు ఇంకేదో సంగతి చెవిన పడుతుంది. ఏళ్ళ తరబడి వినాల్సి వస్తే లెక్క తేలేది ఇక్కడే.

అయితే మేడ మీద ఆయన్నీ వినలేకపోయాను. పొట్టలో ఆకలి, చెవిలో దోమ ఉన్నప్పుడు ఆలాపన వెంట నడవడం నావల్ల కాలేదు. శాస్త్రీయ సంగీతానికి కాస్త కడుపు నిండాలి. నాలుగు రోజుల దీవికి బాలమురళి కాదు, నాలుగేళ్ళ దీవికి ఆయనే. బావ దీన్ని తొండి అంటాడు. అనుకోనీ.

మధ్యలో బావ ఇంకో ముక్క వేశాడు, షేక్ చినమౌలానా నాదస్వరం. పుట్టింది ఒంగోలు దగ్గర కరవది, స్థిరపడింది శ్రీరంగం, కానీ పాఠం మా చిలకలూరిపేటది అని గుంటూరు గొప్ప. ఈ ఒక్క ముక్కకు నేను ఎదురు చెప్పలేదు. నాదస్వరం గదిలో వాయించే వాద్యం కాదు. గుడి ముందు, ఊరేగింపులో, నాలుగు వీధుల అవతలికి వినపడాలని పుట్టింది. దీవిలో గోడలుండవు కదా. మాటలు లేవు కాబట్టి ఎవరూ గుర్తుకొచ్చి ఏడిపించరు కూడా. వీణ అయితే సముద్రపు హోరులో మునిగిపోతుంది, నాదస్వరం హోరుతో పోటీ పడుతుంది. నా ఎనిమిదిలో దానికి రెండు రాసేశాను.

ఎనభైల్లో వచ్చిన ఇళయరాజా, బాలు పాటలంటే నాకు ప్రాణమే. కానీ అవి బస్సు కిటికీ పక్కన కూర్చుని వినే పాటలు. ఎక్కడికీ కదలని చోట వాటితో ఏం చేస్తాం? ఒక్కటి చాలు.

ఇక సుఖాల సంగతి. బావ గోంగూర అన్నాడు, నేను ఆవకాయ అన్నాను. బీబీసీ వాళ్ళకు ఈ రెండిటి తేడా తెలీదు కాబట్టి రెండూ విలాస వస్తువులే అని ఒప్పుకుంటారని మా నమ్మకం. నిల్వ సంగతి చూస్తే రెండూ ఏడాది ఉంటాయి. తడి తగలకూడదు, పైన నూనె తేలుతూ ఉండాలి. గోంగూర ఆఖరిరోజు కూడా మొదటిరోజు లాగే ఉంటుంది. ఆవకాయ అలా కాదు. మొదటి నెల ముక్క కరకర, ఆవ ఘాటు ముక్కుకెక్కుతుంది. ఆరో నెలకు ఊట దిగి ముక్క మెత్తబడుతుంది. చివరికి టెంక చీకడం దగ్గరికి వస్తుంది. అంటే జాడీ చూసి కాలం చెప్పొచ్చు. ఈ మాట అన్నప్పుడు గెలిచాననే అనుకున్నాను.

మేడ మీద మూడో రోజు వేడన్నంలో ఆవకాయ కలిపి మా ఆవిడ అందరికీ ముద్దలు పెట్టింది. ఆ ముద్ద రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. పది నిమిషాల తర్వాత అందరికీ ఒకేసారి దాహం వేసింది. ఉన్నది రెండు లీటర్ల సీసా, మనుషులం ఏడుగురం. నీళ్ళు తెచ్చే పడవ మా సందులోకి రాలేదు. డ్రోను ఒకటి పైనుంచి పోతుంటే పిల్లలు చేతులూపారు, అది పక్క వీధి మేడ మీద పొట్లాలు దింపి వెళ్ళిపోయింది. గుంటూరు కారం, అంత ఉప్పు తిని చుట్టూ కనుచూపు మేర నీళ్ళుంచుకుని నాలుక తడుపుకోవడం ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుసు. మాస్టారు మూత కొలతతో తలా మూడు మూతలు పోశారు. లెక్కల మాస్టారు కదా, ఒక్క చుక్క తేడా రాలేదు. ఆ రోజు నుంచి నా పట్టికలో ఆవకాయ పక్కన చిన్న అక్షరాలతో "మంచినీళ్ళుంటేనే" అని ఉంది. గోంగూరకూ అదే షరతు, బావ ఒప్పుకోడు.

కాఫీ గురించి ఒక్క మాట. పాలు లేని దీవిలో కాఫీ అనవసరం. డికాక్షన్ తాగేవాళ్ళు వేరే జాతి.

నిజంగా పనికొచ్చింది విసనకర్ర. మామ్మగారి దగ్గర పాత తాటాకు విసనకర్ర ఒకటుంది, అంచుకు ఎర్ర గుడ్డ కుట్టింది. దానితో గాలి విసురుకోవచ్చు, దోమను కొట్టొచ్చు, స్టవ్ లేనప్పుడు కుంపటి రాజేయొచ్చు. పైగా ఒకరు విసురుతుంటే ఇంకొకరు నిద్రపోవచ్చు. కానీ ఒంటరి దీవిలో విసిరేవాడు ఉండడు, నేనే విసురుకుంటూ నిద్రపోలేను. దిండుకు ఆ బాధ లేదు. బావ దిండు రాసుకున్నాడు. దోమతెర రాద్దామని నేను బయల్దేరితే మాస్టారు అడ్డుపడ్డారు. "అది విలాసం కాదండీ, అవసరం" అన్నారు. ఆయన సింగ్‌నగర్‌లో పాతికేళ్ళుగా ఉంటున్నారు, దోమల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు.

పుస్తకం దగ్గర పెద్ద గొడవ లేదు. వాళ్ళు బైబిలు, షేక్‌స్పియర్ ఇస్తే మనకు భారతం, భాగవతం ఇవ్వాలని ఇద్దరం ఒప్పుకున్నాం. పైన ఒకటి కావాలంటే బావ పంచాంగం అన్నాడు. నవ్వాను. ఏడాది తిరిగితే అది చిత్తుకాగితం. కానీ మూడో రోజుకు ఆ రోజు మంగళవారమా బుధవారమా అని మేం నిజంగానే తన్నుకున్నాం. ఫోన్లన్నీ ఆరిపోయాయి.

ఆ తగువు తీర్చింది మాస్టారి రేడియో. అరచేతిలో పట్టే పాత ట్రాన్సిస్టరు, రెండు పెన్సిల్ బ్యాటరీలు. ఏరియలు విరిగితే దానికి గొడుగు ఊచ కట్టారు. పాటలు ఎంచుకునే ఈ ఆటలో రేడియోకి చోటు లేదు, బయటి ప్రపంచపు కబురు మోసుకొచ్చేది ఏదీ పనికిరాదు. అయినా ఫోనుకీ రేడియోకీ పోటీ పెడితే నా ఓటు రేడియోకే. ఫోన్లో ఉన్నది మనం దాచుకున్నదే, తవ్వితే అదే వస్తుంది. రేడియోలో ఎవరో మనకోసం ఎంచి వేస్తారు. మనకు నచ్చనిది కూడా వస్తుంది. విసుక్కోవడానికైనా ఇంకో మనిషి ఉన్నట్టు ఉంటుంది.

నాలుగో రోజు తెల్లవారుజామున మాస్టారు రేడియో తిప్పారు. గరగరల మధ్య ఆకాశవాణి పొద్దుటి బాణీ, తంబుర మీద వయొలిన్. చీకట్లో అందరం లేచి కూర్చున్నాం, ఎవరూ మాట్లాడలేదు. ఆ బాణీ కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అని, చెక్ యూదు సంగీతకారుడని, నాజీల కాలంలో ఐరోపా విడిచి 1934లో బొంబాయి చేరాడని మాస్టారే చెప్పారు. తెలియని ఊళ్ళో ఒడ్డుకు పడ్డవాడే అన్నమాట.

"నా ఎనిమిదిలో మొదటిది ఇదే" అన్నాడు బావ.

"నేను ముందు అనుకున్నాను బావా."

"నువ్వు అనుకున్నావు, నేను అన్నాను."

ఆ పొద్దెక్కాక పడవ వచ్చింది, బావ శుభలేఖల సంచీ నెత్తిన పెట్టుకుని ఎక్కాడు. నీళ్ళు తీసాక కింది వాటాలోకి దిగితే వంటింటి మూల మా పెద్ద జాడీ ఎక్కడిదక్కడే ఉంది. వాసెన గుడ్డ కట్టినట్టే ఉంది, మీద జానెడు బురద. గుడ్డ విప్పి చూసి మా ఆవిడ ఏమీ అనలేదు, వీధిలోకి తీసుకెళ్ళి పారబోసింది. జాడీని చింతపండుతో తోమి మూడు రోజులు ఎండలో బోర్లించింది. మరుసటి వేసవిలో కొత్తావకాయ అందులోనే పెట్టింది. జాడీ ఇప్పుడు అటక మీద ఉంటుంది.