అమెరికన్ యాక్సెంట్ నేర్పిస్తామంటే పోయినా, చెవులు బాగైనాయి: తిరుపతి యాక్సెంట్ క్లాసు రివ్యూ

అయిదుకి మూడున్నర ఇస్తా ఉండా. మూడు వినిపించే క్లాసులకి, ఆ అర ట్రైనర్ సార్ ఓపికకి. మాట్లాడించే క్లాసులకి ఏమీ ఇవ్వలా, ఎందుకో కింద చెప్తా. సెంటర్ పేరు మాత్రం రాయను, బోర్డు మీద ఒకటి రాసి లోపల ఇంకోటి నేర్పించడం ఈ ఒక్క సెంటర్ కథ కాదు గదా, లీలామహల్ సర్కిల్ కాడినుంచి బాలాజీ కాలనీ దాకా ఎన్ని ఫ్లెక్సీలు చూళ్ళేదు, టై కట్టుకున్న తెల్లాయన ఫోటో, పక్కన "నలభై రోజుల్లో అమెరికన్ యాక్సెంట్".

నా అవసరం ఏందంటే నేను ఇంట్లోంచే పనిచేసే సపోర్ట్ ఇంజనీర్ని, కోవిడ్ అప్పుడు బెంగళూరు ఖాళీ చేసి తిరుపతి వచ్చేసినా, మళ్ళీ పోలా. అమెరికా వాళ్ళతో కాల్స్ ఉన్నంత కాలం ఏ ఇబ్బందీ లేదు, సిరీస్‌లు చూసి చూసి ఆ ఇంగ్లీష్ చెవికి పట్టేసింది. ప్రాజెక్టు మారినాక స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వాళ్ళు, న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ వాళ్ళు, సింగపూర్ వాళ్ళు తగులుకున్నారు, అప్పుడు మొదలైంది నా కష్టం. గ్లాస్గో ఆయన మాట్లాడేది ఇంగ్లీషేనా అని డౌట్ వచ్చేది. ఒకసారి "సారీ, మళ్ళీ చెప్పండి" అనొచ్చు, రెండోసారీ అనొచ్చు, మూడోసారి అనాలంటే నోరు రాదు, ఊరికే "ఓకే ఓకే" అనేసి తర్వాత చాట్‌లో అడుక్కోవడం. ఇంకా విచిత్రం ఏందంటే ఆయనకి నా మాట సుబ్బరంగా అర్థమయ్యేది. ఈ విచిత్రం గురించి మళ్ళీ వస్తా.

ఫీజు తొమ్మిది వేలు, రెండు విడతలుగా కట్టొచ్చు. ఎయిర్ బైపాస్ రోడ్డులో రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, ఏసీ ఉంది గానీ సాయంత్రం బ్యాచ్‌కి వేసేది తక్కువే. బ్యాచ్‌లో యూకే పోవాలనుకునే నర్సింగ్ అమ్మాయిలు ఎక్కువ, యూనివర్సిటీ పీజీ పిల్లోళ్ళు కొందరు, శ్రీసిటీలో పనిచేసే పుత్తూరు అన్న ఒకాయన. ఆయన పై ఆఫీసర్లు జపాన్ వాళ్ళు, ఆయనకి వాళ్ళ ఇంగ్లీష్ అర్థం కావాల, ఈయన ఇంగ్లీష్ వాళ్ళకి అర్థం కావాల, అంతే. ఆ మనిషి చేత కూర్చోబెట్టి నాలుక మడిచి అమెరికన్ "ఆర్" (R) శబ్దం పలికిస్తా ఉంటే నాకే పాపం అనిపించింది.

ట్రైనర్ సార్ బెంగళూరు కాల్ సెంటర్లలో వాయిస్ అండ్ యాక్సెంట్ చేసి వచ్చినాయన. వాళ్ళ భాషలో మన తప్పులన్నిటికీ ఒకటే పేరు, ఎంటీఐ, అంటే మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్. మొదటి రోజుల్లో ఆయన చేయించిన ఒక పని మాత్రం నిజంగా ఉపయోగపడింది. నోట్‌బుక్‌లోంచి సన్నగా చింపిన కాగితం పట్టీ అందరికీ ఇచ్చి పెదాల ముందర పట్టుకోమని "పేపర్" అని చెప్పించినాడు. ఆయన చెప్తే కాగితం ఎగిరింది. మాది ఒక్కరిదీ కదల్లా, పుత్తూరు అన్న గట్టిగా అరిచి చెప్పినా కదల్లా. విషయం ఏందంటే ఇంగ్లీష్ వాళ్ళు మాట మొదట్లో ప, ట, క వస్తే గాలి వదుల్తారు, మన "ప"లో గాలి ఉండదు, దాంతో మన "ప" వాళ్ళ చెవికి "బ" లాగా పోతాది. ఆక్లాండ్ ఆమె ప్రతి కాల్‌లో నన్ను "ప్యాచ్ ఆ, బ్యాచ్ ఆ" అని ఎందుకు అడిగేదో ఆ సాయంత్రం అర్థమైంది. సర్వర్‌కి ప్యాచ్ (రిపేరు కోడ్) వేసినామా, రాత్రి బ్యాచ్ (వరసగా నడిచే పనులు) రన్ అయిందా అనేది మా పనిలో చిన్న తేడా కాదు!

రబ్బర్ బ్యాండ్ క్లాసు కూడా బాగుంది. రెండు చేతుల్తో రబ్బర్ బ్యాండ్ పట్టుకొని, మాటలో యాడ బరువు పడాల్నో ఆడ లాగాల. "హోటల్" అంటే మనం ముందు లాగుతాం, వాళ్ళు "టెల్" కాడ లాగుతారు. "డెవలప్" అంటే మనం ముందే లాగేస్తాం, వాళ్ళు మధ్యలో లాగుతారు. మనం అన్ని అక్షరాలకీ సమానంగా టైమిస్తాం, వాళ్ళు ఒక అక్షరం మీద కూర్చొని మిగిలినవి మింగేస్తారు, అందుకే వాళ్ళు స్పీడుగా మాట్లాడ్తారు అనిపిస్తాది. ఇదేదో బీపీఓ వాళ్ళు కనిపెట్టింది అనుకోవద్దు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఇఫ్లూ అంటున్న సంస్థ 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైంది, అక్కడ ఆర్.కె. బన్సల్ అనే ప్రొఫెసర్ ఇండియన్ ఇంగ్లీష్ బయటి వాళ్ళకి ఎంత అర్థమవుతాదో పరిశోధన చేసి 1969లోనే పుస్తకం వేసినాడు, ఈ బరువు తప్పు చోట పడడం అనేది అందులో పెద్ద సమస్యగా చెప్పినాడు. "ఎగ్"ని "యెగ్" అనడం, "ఓన్లీ"ని "వోన్లీ" అనడం కూడా సార్ దిద్దినాడు, అది మన తెలుగు అలవాటు, ఎమ్మెల్యేని యమ్మెల్యే అన్నట్టే.

ఇంతవరకూ బాగానే ఉంది. గొడవంతా ఆర్ కాడ.

పొద్దున బ్యాచ్‌కి అమెరికన్ యాక్సెంట్, సాయంత్రం బ్యాచ్‌కి బ్రిటిష్ అని రెండు కోర్సులు పెట్టినారు, రెండిటికీ ఫీజు ఒకటే, సార్ ఒక్కడే. పొద్దున "కార్" అంటే నాలుక వెనక్కి మడవాల, మడవకపోతే తప్పు. సాయంత్రం అదే మనిషి అదే బోర్డు ముందర నిలబడి "కా" అనాల, ఆర్ వినిపిస్తే తప్పు. నేను రెండు బ్యాచ్‌లకీ మార్చి మార్చి పోయేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు, ఒకరోజు పొద్దున రాసిన నోట్స్ తుడవకుండానే సాయంత్రం క్లాసు జరిగిపోయింది, నర్సింగ్ అమ్మాయి ఒకామె "సార్ ఏది కరెక్ట్" అంటే "రెండూ కరెక్టేమ్మా, మీ కోర్సు బట్టి" అన్నాడు. అప్పుడు మరి మనం పలికే ఆర్ తప్పు ఎట్లయింది?

క్లాసులో చెప్పని సంగతి ఇంటికొచ్చి చదువుకున్నా. ఆర్ పలకడం, పలకపోవడం అనేది గొప్పా తక్కువా వ్యవహారం, అదీ ఊరూరికీ మారతాది. విలియం లబోవ్ అనే భాషా శాస్త్రవేత్త 1962లో న్యూయార్క్‌లో మూడు డిపార్ట్‌మెంట్ స్టోర్లలోకి పోయి, ఫలానా సరుకు యాడుంది అని సేల్స్ వాళ్ళని అడిగేవాడు, జవాబు "ఫోర్త్ ఫ్లోర్" అని రావాల. ఖరీదైన "సాక్స్ ఫిఫ్త్ ఎవెన్యూ" అనే షాపులో ఆర్ ఎక్కువ వినపడింది, మధ్యరకం మేసీస్‌లో కొంచెం తగ్గింది, చవక షాపు క్లైన్‌లో ఇంకా తగ్గింది. అంటే ఆ ఊళ్ళో ఆర్ పలికితే పెద్దింటి మాట. ఇంగ్లాండులో దానికి పూర్తిగా ఎదురు, ఆర్ మింగితేనే పెద్దింటి మాట. ఆ ఇంగ్లాండు పెద్దింటి మాటని కూడా ఆ దేశంలో అచ్చంగా మాట్లాడేది నూటికి మూడు మందే అని పీటర్ ట్రడ్‌గిల్ అనే భాషా శాస్త్రవేత్త 1974లో అంచనా వేసినాడు. ఆ నూటికి మూడు మంది మాటని తిరుపతిలో తొమ్మిది వేలకి అమ్ముతా ఉండారు.

ఇప్పుడు గ్లాస్గో విచిత్రానికి వస్తా. స్కాట్లాండ్ వాళ్ళు ఆర్ ఎక్కడుంటే అక్కడ పలుకుతారు, ఐర్లాండ్ వాళ్ళూ అంతే, స్కాట్లాండ్‌లో కొందరైతే అచ్చం మన "ర" లాగా నాలుక కొట్టి పలుకుతారు. "గో", "డే" లాంటి మాటల్లో లండన్ వాళ్ళకి అచ్చు మధ్యలో మెలికలు తిరుగుతాది, స్కాట్లాండ్ వాళ్ళు మన లాగే "ఓ", "ఏ" అని సాఫీగా లాగుతారు. కాబట్టి నా ఇంగ్లీష్ ఆయనకి పరాయిగా లేదు. నేను పొద్దునంతా కష్టపడి నాలుక మడిచి అమెరికన్ నేర్చుకొని మధ్యాహ్నం గ్లాస్గో ఆయనతో మాట్లాడ్తే ఎవురికి లాభం చెప్పండి.

టీహెచ్ (th) శబ్దం కూడా అట్లే. పళ్ళ మధ్యలో నాలుక పెట్టి "థింక్" అనాలని రోజుల తరబడి చేయించినారు, కొందరు అమ్మాయిలు నాలుక కొరుక్కున్నారు కూడా. మన "థ", "ద"తో చెప్తే ఎవురికీ అర్థం కాకుండా పోదు, ఐర్లాండ్‌లో చాలామంది దాదాపు మన లాగే చెప్తారు. జెన్నిఫర్ జెంకిన్స్ అనే ఆమె 2000లో రాసిన పుస్తకంలో వేరువేరు దేశాల వాళ్ళు ఇంగ్లీష్‌లో మాట్లాడుకునేటప్పుడు ఏవి తప్పితే అర్థం కాకుండా పోతాదో లెక్కతీసింది, అందులో టీహెచ్‌ని పక్కన పెట్టేసింది. ప, ట, క గాలి, అచ్చు పొడుగూ పొట్టీ, వాక్యంలో బరువు, ఇవి ఉంచింది. పుత్తూరు అన్నకి కావాల్సింది సరిగ్గా ఇదే, జపాన్ ఆఫీసర్ల ముందర.

నాకు నిజంగా కోపం వచ్చింది వాట్సాప్ గ్రూప్‌లో పెట్టిన యాడ్ చూసి. "అమెరికన్ యాక్సెంట్ ఉంటే ఐఈఎల్‌టీఎస్ బ్యాండ్ పెరుగుతాది" అంట. ఐఈఎల్‌టీఎస్ అంటే బయటి దేశాలకి పోయేవాళ్ళు రాసే ఇంగ్లీష్ పరీక్ష, బ్యాండ్ అంటే దాని స్కోరు. ఇది అబద్ధం. స్పీకింగ్ మార్కులు నాలుగు భాగాలు, ధారగా మాట్లాడ్డం, పదాలు, గ్రామర్, ఉచ్చారణ, నాలుగూ సమానం. ఉచ్చారణలో చూసేది అవతలి వాళ్ళకి ఎంత తేలిగ్గా అర్థమవుతా ఉంది అని, ఏ దేశం యాస అని కాదు. మన యాసతో మాట్లాడినందుకు మార్కులు కోయరు. అప్పు చేసి ఫీజు కట్టే పిల్లలుండారు గ్రూప్‌లో, వాళ్ళని ఇట్లా భయపెట్టి కోర్సు అమ్మడం ఏం బాగాలేదు. నేను గ్రూప్‌లోనే అడిగినా, ఎవురూ జవాబియ్యలా, యాడ్ మాత్రం మరుసటి రోజు తీసేసినారు.

యాస ఎక్కడ దెబ్బ కొడ్తాదంటే అదే పరీక్షలో వినే భాగం, లిజనింగ్‌లో. అక్కడ బ్రిటిష్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా, కెనడా ఏ గొంతైనా రావొచ్చు, నలభై ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే వేస్తారు. అందుకే శనివారం పెట్టే వినే క్లాసు ఈ సెంటర్‌లో బంగారం, అది కూడా ఎక్స్‌ట్రా అన్నట్టు చివర్లో పెట్టినారు గానీ దాన్నే కోర్సు చేసుండాల్సింది.

ఆ క్లాసులో సార్ ఏం చెప్పడు, స్పీకర్ పెట్టి ఆడియో వేస్తాడు, మనం విన్నది విన్నట్టు రాయాల. న్యూజిలాండ్ ఆమె క్లిప్ వేసినప్పుడు చూడాల మా పేపర్లు. ఎయిర్‌పోర్ట్‌లో "చికెన్ కౌంటర్" అని సగం మంది రాసినారు, ఆమె అన్నది చెకిన్ కౌంటర్. న్యూజిలాండ్ వాళ్ళ "ఎ" పైకి పోయి మనకి "ఇ" లాగా వినపడ్తాది, వాళ్ళ "ఇ" ఏమో నడిమధ్యకి వచ్చి "అ" లాగా అయిపోతాది, ఫిష్ అంటే ఫష్. పక్కనే ఉండే ఆస్ట్రేలియా వాళ్ళది వేరే, వాళ్ళు "డే" అంటే మనకి "డై" వినపడ్తాది. లండన్ కుర్రోడి క్లిప్‌లో "వాటర్" మధ్యలో ట లేనే లేదు, గొంతులో చిన్న కత్తిరింపు అంతే. ఉత్తర ఇంగ్లాండ్ లారీ డ్రైవర్ ఒకాయన "బస్"ని "బుస్" లాగా అన్నాడు. సింగపూర్ క్లిప్ వేస్తే మాత్రం అందరం నవ్వుకున్నాం, మాట చివర "లా" తగిలిస్తారు గదా, మనం "గదా" తగిలించినట్టు. వాళ్ళ గవర్నమెంట్ 2000లో మంచి ఇంగ్లీష్ మాట్లాడండి అని ఉద్యమం పెట్టింది, జనం మాత్రం ఇప్పటికీ "లా" వదల్లా.

రెండు మూడు శనివారాలు వినేసరికి చెవికి దారి తెలుస్తాది. మనం "యాడికి పోతా ఉండావప్పా" అంటే కోస్తా వాళ్ళు మొదట్లో తికమక పడి, హాస్టల్లో నెల రోజులు కలిసుంటే అలవాటు పడిపోతారు గదా, ఇదీ అంతే. గ్లాస్గో ఆయన "ఔట్‌విత్ అవర్స్" అంటే ఆఫీస్ టైం బయట అని ఇప్పుడు నేను ఆగకుండా అందుకుంటా ఉండా, ముందు అది ఏదో సాఫ్ట్‌వేర్ పేరు అనుకునేవాణ్ణి.

డబ్బులు పెట్టలేని వాళ్ళు ఇంట్లో కూడా చేసుకోవచ్చు. పాల్ మైయర్ అనే ఆయన 1998లో మొదలుపెట్టిన ఐడియా (IDEA) అనే రికార్డింగుల ఆర్కైవ్ ఆన్‌లైన్‌లో ఫ్రీ, దేశాల వారీగా మామూలు జనం గొంతులు ఉంటాయి. జార్జ్ మేసన్ యూనివర్సిటీ వాళ్ళ స్పీచ్ యాక్సెంట్ ఆర్కైవ్‌లో అందరూ ఒకటే పేరా చదువుతారు, దాంతో తేడా సుళువుగా దొరుకుతాది, అందులో తెలుగు వాళ్ళ రికార్డింగులు కూడా ఉండాయి, ముందు అవి వినండి, మన ఇంగ్లీష్ బయటికి ఎట్లా వినపడ్తాదో తెలుస్తాది. యూగ్లిష్ అనే వెబ్‌సైట్‌లో ఒక మాట కొడితే అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వాళ్ళు దాన్ని వీడియోల్లో ఎట్లా అన్నారో వరసగా చూపిస్తాది.

చేరాలనుకునే వాళ్ళు డెమో రోజే అడగండి, ఏయే దేశాల ఆడియోలు వేస్తారు, వారానికి ఎంతసేపు అని, "మా దగ్గర అన్నీ ఉంటాయి" అంటే నమ్మొద్దు, ఒకటి వేసి చూపించమనండి. రెండో విడత ఫీజు శనివారం క్లాసు చూసినాకే కట్టండి, ముందే అడుగుతారు గానీ గట్టిగా చెప్తే ఊరుకుంటారు. బండి పెట్టడానికి కింద చోటు లేదు, శనివారం సాయంత్రం కొండకొచ్చే వాళ్ళ కార్లతో ఆ రోడ్డంతా జామ్ అయి ఉంటాది, కాబట్టి ఆ రోజు అరగంట ముందే బయల్దేరండి, క్లిప్ మొదలైనాక లోపలికి రానియ్యరు.