ఆటోనగర్‌లో కారు ఏసీ బాగుచేయించుకున్నా: నాలుగు స్టార్లు

విజయవాడ ఆటోనగర్‌లో ఓ చిన్న కారు ఏసీ షాపు గురించి రాస్తున్నా. పేరు మాత్రం రాయొద్దన్నాడు ఓనరు. ఎండాకాలం ఇప్పటికే ఊపిరాడనంత పని ఉందట, ఇంకా జనం వస్తే తన వల్ల కాదట. అడిగినవాళ్ళకి దారి చెప్తా.

మా కారుకి పదేళ్ళు. ఏప్రిల్ ఆఖర్లో మొదలైంది గోల. గుంటూరు నుంచి వస్తుంటే కాజా టోల్ గేటు దాటేదాకా ఏసీ మంచులా ఉంటుంది, తీరా వారధి ఎక్కి ట్రాఫిక్‌లో ఇరుక్కోగానే వేడిగాలి. బండి కదిలితే మళ్ళీ కాసేపటికి చల్లబడుతుంది. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడిందంటే వెనక సీట్లోంచి మా అమ్మ, "కిటికీలు దించరా, దీనికంటే బయట వడగాలే నయం" అని మొదలుపెట్టేది.

మొదట ఇంటి దగ్గర షాపుకి తీసుకెళ్తే ప్రెషర్ కొలిచే గేజీ కూడా పెట్టి చూడకుండా "గ్యాస్ తగ్గింది సార్" అని డబ్బా తగిలించి నింపేశాడు, 1,800 రూపాయలు. రెండ్రోజులకి ఇంకా అధ్వాన్నమైంది, ఇదివరకు సిగ్నల్ దగ్గర మాత్రమే వచ్చే వేడి ఇప్పుడు ఊళ్ళో నెమ్మదిగా వెళ్తున్నా వస్తోంది. తర్వాత ఓ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే అరగంట బండి లోపల పెట్టుకుని, ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ పోయిందన్నారు. లేబర్‌తో కలిపి 31,000 అని కాగితం చేతిలో పెట్టారు. నిజంగానే టెన్షన్ పట్టుకుంది, బండి అమ్మినా ఎంతొస్తుందని అంత పెట్టాలి?

అప్పుడు మా తమ్ముడు చెప్తే వెళ్ళా ఈ షాపుకి. ఓనరు బాబాయ్‌కి అరవై ఉంటాయేమో. బానెట్ ముట్టుకోకుండానే ఒకటే అడిగాడు: "ఎప్పుడూ వేడేనా బాబూ, బండి ఆగినప్పుడేనా?" అంతకుముందు చూసిన ఇద్దరిలో ఒక్కరూ ఈ ముక్క అడగలేదు, నాకూ చెప్పాలని తట్టలేదు.

ఇంజన్ ఆన్ చేయించి, ఏసీ వేయించి, రెండు గొట్టాల గేజీ తగిలించాడు. ఎర్రముల్లు చూస్తుండగానే 350 దాటి ఇంకా పైకి పోతోంది, కాసేపటికి టక్‌మని కంప్రెసర్ ఆగిపోయింది. కంప్రెసర్ పోయిందేమోనని నాకు గుండె జారింది. బాబాయ్ మాత్రం కుర్రాణ్ణి పిలిచి బకెట్ నీళ్ళు తెమ్మన్నాడు. రేడియేటర్ ముందు జాలీలా ఉంటుంది చూడండి, కండెన్సర్, దాని మీద నాలుగు మగ్గుల నీళ్ళు కొట్టాడు. ముల్లు జర్రున 200 దాకా దిగింది, కంప్రెసర్ మళ్ళీ అందుకుంది, లోపల చెయ్యి పెట్టి చూస్తే చల్లటి గాలి! "కంప్రెసర్ పోతే ముల్లు అంత పైకి ఎక్కదయ్యా, అది బంగారంలా ఉంది. వేడి బయటికి పోవట్లేదంతే" అన్నాడు.

కారు లోపలి నుంచి లాక్కొచ్చిన వేడిని గ్యాస్ ఆ కండెన్సర్ దగ్గరే వదలాలి. హైవే మీద ఎదురుగాలి ఆ పని చేసేస్తుంది, బండి నిలబడితే ఫ్యాన్ తిరగాలి. మా బండిలో రేడియేటర్ ఫ్యాన్ వేరు, ఏసీ ఫ్యాన్ వేరు. రేడియేటర్‌ది శుభ్రంగా తిరుగుతోంది కాబట్టి ఇంజన్ వేడెక్కలేదు, మాకు అనుమానమూ రాలేదు. రెండోది ఎన్నాళ్ళ నుంచి చచ్చిపడి ఉందో! స్క్రూడ్రైవర్ పిడితో మోటారు మీద రెండు దెబ్బలు వేస్తే గుర్రుమని తిరిగి మళ్ళీ ఆగిపోయింది. విప్పి చూపించాడు, లోపల కార్బన్ బ్రష్‌లు అరిగి గోరంత మిగిలాయి. దానికి తోడు మొదటి షాపువాడు కొలత లేకుండా గ్యాస్ ఎక్కువ కొట్టాడు, అందుకే ప్రెషర్ ఇంకా పెరిగి పరిస్థితి ముదిరింది.

కొత్త మోటారు 2,300. పాత గ్యాస్ తీసేసి, అరగంట వ్యాక్యూమ్ పెట్టి, బానెట్ కింద స్టిక్కర్ మీద ఎంతుందో చూసి ఆర్134ఏ గ్యాస్ కాటా మీద తూచి ఎక్కించినందుకు 1,500. మజూరీ 600. మొత్తం 4,400. చివర్లో ఏసీ గాలి వచ్చే చోట థర్మామీటర్ పుల్ల గుచ్చి చూపించాడు, నిలబడ్డ బండిలో 9 డిగ్రీలు, బయట ఎండ మాడిపోతోంది. పాత మోటారు అడక్కుండానే డిక్కీలో పెట్టాడు. ఇదంతా జరిగి మూడు వారాలైంది, సిగ్నల్ దగ్గర అమ్మ నోరెత్తట్లేదు.

ఇక ఆ ఒక్క స్టారు ఎందుకు కోశానంటే, పాత గ్యాస్‌ని మెషీన్‌లోకి పట్టకుండా గాల్లోకి వదిలేశాడు. అది కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లు పైనే భూమిని వేడెక్కిస్తుంది. ఆ మాట అంటే నవ్వి "మెషీన్ కొనిపెట్టు బాబూ" అన్నాడు. పైగా రెండు గంటలని నాలుగున్నర గంటలు కూర్చోబెట్టాడు, నీడ లేదు, కూర్చోడానికి ఓ లారీ టైరు. బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాడు. కారు లోపలికొచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్ చూడనేలేదు, అది నేనే గ్లౌబాక్స్ వెనక నుంచి లాగి మార్చుకున్నా, దాన్నిండా ఎండుటాకులు.

వెళ్ళేవాళ్ళు తొమ్మిదింటికల్లా వెళ్ళండి, పదకొండు దాటితే లైను. టోపీ, నీళ్ళ సీసా మర్చిపోవద్దు.