రోటావైరస్ రకాలపై జాతీయ నిఘా: ఐసీఎంఆర్ నెట్‌వర్క్ పనితీరు ఎలా ఉంది?

పిల్లల విరేచనాల మీద పనిచేసేవాళ్లు మన దేశంలో ముందుగా తిరగేయాల్సిన లెక్కలు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) రోటావైరస్ నిఘా నెట్‌వర్క్‌వే. 2005 డిసెంబరులో మొదలైంది. తొలి రెండేళ్లలో 4,243 మల నమూనాలు పరీక్షిస్తే 39 శాతంలో వైరస్ దొరికింది. రకాల్లో జి2పి[4]ది పైచేయి, దాని వెనకే జి1పి[8] (జి, పి అంటే వైరస్ పైపొరలోని రెండు ప్రోటీన్ల రకాలు). టీకా ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది 2016లో. ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాలు తొలి విడతలో ఉన్నాయి. అంటే టీకాకు పదేళ్ల ముందు నుంచే లెక్క చేతిలో ఉందన్నమాట. ఈ నెట్‌వర్క్‌కు ఐదుకు నాలుగు మార్కులు వేయడానికి ఇదొక్కటి చాలు. టీకా వేశాక మొదలెట్టిన నిఘాలో దేంతో పోల్చాలో తెలియదు.

పద్ధతి గట్టిదే. ఐదేళ్లలోపు పిల్లలు విరేచనాలతో ఆసుపత్రిలో చేరితే 48 గంటల్లోపు నమూనా తీయాలి. గడువు దాటితే వార్డులో అంటుకున్న వైరస్‌ను కూడా ఇంటి నుంచి తెచ్చుకున్నదిగా రాసేస్తాం. నీళ్లలా పోయేదాన్ని డైపర్ మొత్తం పీల్చేస్తుంది. అందుకే డైపర్ తిరగేసి ప్లాస్టిక్ వైపు లోపలికి పెడితే 5 మి.లీ. సులువుగా వస్తుంది. రాగానే రెండు వయల్స్‌లోకి పంచి, ఒకటి ఫ్రీజర్‌లో కదపకుండా ఉంచాలి. ఒకే వయల్‌ను పదే పదే కరిగించి గడ్డకట్టిస్తే ఆర్ఎన్ఏ చెడిపోతుంది. ఎలైజాలో (వైరస్ ప్రోటీన్‌ను పట్టే పరీక్ష) పాజిటివ్ వచ్చి పీసీఆర్‌లో (జన్యువును పెంచి చూసే పరీక్ష) బ్యాండ్, అంటే ఫలితపు గీత, రాకపోవడానికి ఇదొక కారణం.

ఎలైజా పట్టేది వీపీ6 అనే వైరస్ ప్రోటీన్‌ను. పాజిటివ్‌లను ఆర్‌టీ-పీసీఆర్‌కు పంపి, వీపీ7 జన్యువును బట్టి జి, వీపీ4ను బట్టి పి రకం తేలుస్తారు. ఇక్కడే తలనొప్పి. వైరస్‌లో మార్పులు పోగవుతుంటే పాత ప్రైమర్లు (పీసీఆర్‌లో జన్యువును పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు) అతుక్కోవు, నమూనా ‘రకం తేలనిది’ గడిలో పడుతుంది. ఆ గడి ఏటా పెరుగుతుంటే కొత్త రకం వచ్చిందని కంగారు పడకండి, ముందు ప్రైమర్లు మార్చి చూడండి. అప్పటికీ తేలనివాటిని సీక్వెన్సింగ్‌కు, అంటే జన్యువును అక్షరం అక్షరం చదివించడానికి, పంపాలి.

ఇంకో మెలిక టీకా వైరస్‌ది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసే రోటావాక్ టీకాలో ఉన్నది 116ఈ అనే బతికున్న వైరస్, రకం జి9పి[11]. ఆరు, పది, పద్నాలుగు వారాలకు చుక్కలు వేసిన కొన్ని రోజుల్లో నమూనా తీస్తే ఎలైజాకు టీకా వైరసే దొరకొచ్చు. టీకా కార్డు మీది తేదీ ఫారంలో ఎక్కకపోతే దాన్ని జబ్బు కిందే లెక్కేస్తారు. అమ్మ చెప్పిన మాటతో సరిపెట్టకుండా కార్డు ఫొటో తీసుకోవడం మేలు.

టీకా వచ్చాక జి1పి[8] తగ్గి జి3పి[8] పైకొచ్చింది. దీన్ని చూసి టీకా పనిచేయట్లేదనేవాళ్లు శాతాన్ని సంఖ్య అనుకుంటున్నారు. ఉదాహరణకు, వంద కేసుల్లో 20 జి3 ఉండేవనుకుందాం. కేసులు 40కి పడిపోయి వాటిలో జి3 16 ఉంటే వాటా రెట్టింపై 40 శాతమవుతుంది, పిల్లలు మాత్రం తక్కువమందే జబ్బుపడ్డారు. పైగా టీకా లేని చోట్ల కూడా రకాలు ఏళ్ల తరబడి మారుతూనే ఉంటాయి.

లోటుపాట్లూ ఉన్నాయి. 2009 తర్వాత నిఘాకు విరామం వచ్చి, 2012లో మళ్లీ మొదలైంది. ఆ మధ్య ఏళ్లు గ్రాఫులో కలిపి గీయకూడదు. రెండు జన్యువులే చూస్తారు, వైరస్‌కు ఉన్నవి 11 జన్యు ముక్కలు. గుర్రాల రకాన్ని పోలిన జి3పి[8] మామూలు జి3పి[8] పేరుతోనే నమోదైపోతుంది. ఫలితాలూ ఆలస్యమే: 2016–2020 నమూనాలతో రోటావాక్ ప్రభావం 54 శాతమని తేల్చిన పత్రం 2025లో వచ్చింది. ఆస్ట్రేలియా 1999 నుంచి నడుపుతున్న నిఘాలో వార్షిక నివేదికలు వేస్తారు. అక్కడ కొన్ని రాష్ట్రాలు రోటారిక్స్ టీకా, కొన్ని రోటాటెక్ టీకా వాడిన కాలంలో ఏ టీకా చోట ఏ రకం పెరిగిందో విడిగా కనబడింది. మనకూ రోటావాక్, రోటాసిల్ టీకాలు రెండూ ఉన్నాయి కాబట్టి, పట్టిక చూసేటప్పుడు ఏ జిల్లాలో ఏ టీకా వేస్తున్నారో, ఎన్ని పాజిటివ్‌లకు రకం తేల్చారో ముందు చూడండి.