కెగ్ ఫ్రిజ్‌కు రెండో నల్లా పెడతామని వస్తారు, జాగ్రత్త: హన్మకొండలో నాకు జరిగింది

అన్నలూ, అక్కలూ, రాత్రి పన్నెండు దాటింది, నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. మూడు రోజుల్లో మా కెగ్ ఫ్రిజ్ (లోపలి డబ్బాలోని చల్లటి సోడాను నల్లా తిప్పి పట్టుకునేది) పాడైంది, సిలిండర్ ఖాళీ అయింది, పదివేలు పోయాయి. అన్నిటికంటే ఎక్కువగా మండుతున్నది మా నాన్నను ఆ షాపువాడు అన్న మాటకు. అదే షాపుకు మీలో ఇంకెవరైనా ఫోన్ చేసే లోపల ఇది మీ కంట పడాలి.

షాపు పేరు రాయను. హన్మకొండలో ఫ్రిజ్‌లు, సోడా మిషన్లు బాగుచేస్తారు. "సింగిల్ నల్లా కెగ్ ఫ్రిజ్‌ను డబుల్ చేసిస్తం" అని ఈ ఎండాకాలం వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలు తిప్పుతున్నది వాళ్లే. ఆ వీడియో మీకూ వచ్చే ఉంటుంది.

మా ఇంట్లో కెగరేటర్, అదే ఈ కెగ్ ఫ్రిజ్, ఉన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. రెండేళ్ల కింద హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. లోపల 19 లీటర్ల స్టీలు కెగ్గు, అంటే సోడా పోసే డబ్బా, పక్కన చిన్న కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, పైన ఒకటే నల్లా. బీరు కోసం తయారైన వస్తువే, కానీ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం మన దగ్గర నేరం, నాకు ఆ ఆలోచన కూడా లేదు. మేము దాంట్లో సుగంధి సోడా పెట్టుకుంటాం. పిల్లలకు ప్రాణం. నాన్నకు షుగర్ ఉంది కాబట్టి ఆయన ముట్టడు. ఆయనకు ఉప్పు వేసిన నిమ్మసోడా ఇష్టం. రోజూ సాయంత్రం చౌరస్తా దాకా నడిచి వెళ్లి తాగి వస్తాడు, ఈ ఎండలకు అది కష్టమైపోయింది. అందుకే రెండో కెగ్గు, రెండో నల్లా పెట్టించాలనుకున్నాను. ఆ రెండో నల్లా నాన్న కోసం.

పని ఎలా చేయాలో నాకు కొంత తెలుసు. మా బావ అమెరికాలో ఇలాంటి ఫ్రిజ్‌లోనే రెండు రకాల బీర్లు పెట్టుకున్నాడు, ఫోన్లో అంతా చూపించాడు. రెండూ మామూలు బీర్లే అయితే రెండింటికీ 10 నుంచి 12 పీఎస్ఐ (గ్యాస్ ప్రెషర్ కొలత) ప్రెషర్ చాలు. ఒక రెగ్యులేటర్ నుంచి వచ్చే గ్యాస్‌ను రెండు దారులుగా చీల్చితే సరిపోతుంది. ఒకటి సోడా అయితే అలా కుదరదు. ఘాటైన సోడాకు 30 పీఎస్ఐ దాకా కావాలి, అంటే దానికి వేరే రెగ్యులేటర్ ఉండాలి. ఒక కెగ్గులోని నీళ్లు గ్యాస్ పైపులోకి వెనక్కి రాకుండా ప్రతి దారికీ చెక్ వాల్వ్ ఉండాలి. నల్లాకు వెళ్లే పైపు లోపల 5 మిల్లీమీటర్లకు మించి వెడల్పు ఉండొద్దు. సన్నగా, పొడుగ్గా ఉంటేనే ప్రెషర్ తగ్గి నురగ లేకుండా దిగుతుంది. బీరుకు ఏడెనిమిది అడుగులు సరిపోతే సోడాకు ఇరవై అడుగులైనా చుట్టి పెట్టాలి. ఇవన్నీ కాగితం మీద రాసి షాపులో ఇచ్చాను. "అన్నీ తెలుసు సార్, టెన్షన్ పడకుండ్రి" అన్నాడు. మొత్తం 16,500కు మాట్లాడుకున్నాం. అడ్వాన్స్ పదివేలు యూపీఐలో పంపాను. బిల్లు అడిగితే చిన్న చీటీ మీద అంకె రాసి ఇచ్చాడు. షాపు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. అది తీసుకుని జేబులో పెట్టుకున్నాను. తప్పు నాదే.

ఆదివారం పొద్దున షాపు ఓనరే ఒక పిల్లాడిని వెంటబెట్టుకుని వచ్చాడు. నల్లాను తలుపుకు బిగించమని ముందే చెప్పి ఉన్నాను. ఫ్రిజ్ తలుపులో గ్యాస్ పైపులు ఉండవు, రంధ్రం చేసినా భయం లేదు. "తలుపుకు పెడితే లుక్ ఉండదు సార్, సైడుకు పెడదాం, మస్తుగుంటది" అన్నాడు. నాన్న దివాన్ మీద కూర్చుని చూస్తున్నాడు. ఆయన కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. లేచి వచ్చి ఫ్రిజ్ పక్క గోడ మీద అరచేయి ఆనించాడు. "ఇక్కడ వేడిగున్నది బిడ్డా, లోపల పైపు ఉన్నట్టున్నది, చూసి కొట్టు" అన్నాడు.

ఆ మాట అక్షరాలా నిజం. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటికి వేడి బయటికి పంపే పైపు వెనకాల కనబడదు, పక్క రేకు లోపల అతికించి ఉంటుంది. ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు చెయ్యి పెడితే ఎక్కడెక్కడ వెచ్చగా ఉంటుందో అక్కడ పైపు ఉన్నట్టే.

ఆ ఓనర్ నవ్వి డ్రిల్ మిషన్ ప్లగ్ పెట్టాడు. నేను నాన్నను చూసి, "నాన్నా, ఆయన పని ఆయన్ని చేసుకోనీ" అన్నాను. నాన్న మళ్లీ మాట్లాడలేదు. వెళ్లి కూర్చున్నాడు.

రేకు తెగింది, లోపలి స్పాంజి పొడి పసుపుపచ్చగా రాలింది, తర్వాత ఒక్కసారిగా సుయ్‌మని సప్పుడు. సైకిల్ ట్యూబులో గాలి పోయినట్టు. వాడు డ్రిల్ వదిలేసి బొటనవేలు పెట్టి రంధ్రం మూశాడు. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. "ఏమైంది" అంటే, "ఏం కాలే అన్నా, స్పాంజిల గాలి ఉంటది, గంతే" అన్నాడు. అప్పటిదాకా సార్ అన్నవాడు అప్పుడు అన్నా అన్నాడు. ఆ వెంటనే, బొటనవేలు తీయకుండానే, "అన్నా, ఓ చాయ్ పెట్టిపిస్తరా, పొద్దుగాల నుంచి ఏం తాగలే" అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ స్టవ్ వెలిగించింది.

ఈ ఒక్క సంగతి గుర్తొస్తే చేతులు వణుకుతున్నాయి. మా ఫ్రిజ్ వెనక స్టిక్కర్ మీద ఆర్600ఏ, 46 గ్రాములు అని రాసి ఉంది. ఆర్600ఏ అంటే ఐసోబ్యూటేన్, మనం వంటకు వాడే గ్యాస్‌కు దగ్గరి చుట్టం. అంటుకునే గ్యాస్. వంటగ్యాస్‌లో కలిపే వాసన కూడా దీంట్లో ఉండదు కాబట్టి లీకైతే ముక్కుకు తెలియదు. గాలి కంటే బరువు, కింద నేల మీద పాకుతుంది. మా హాలుకూ వంటింటికీ మధ్య తలుపు లేదు. ఫ్రిజ్‌లు బాగుచేసి బతికేవాడికి ఇదంతా తెలియదంటే ఎవరు నమ్ముతారు? పైపు తెగిందని వాడికి తెలుసు. తెలిసి, కిటికీలు తెరవండి, స్టవ్ ఆపండి అని ఒక్క మాట చెప్పకుండా, నన్ను అక్కడి నుంచి పంపడానికి చాయ్ అడిగాడు. మా ఇంట్లో మంట పెట్టించాడు. 46 గ్రాములే కావచ్చు, కూలర్ కోసం కిటికీలు తెరిచి ఉండడం మా అదృష్టం కావచ్చు. మనిషి చేయాల్సిన పనేనా అది?

చాయ్ తెచ్చేసరికి నల్లా ఆ రంధ్రానికి మూడు ఇంచుల పక్కన బిగించి ఉంది. మొదటి రంధ్రం మీద ఎం-సీల్ ముద్ద, ఇంకా తడిగా, దాని మీద వాడి వేలిముద్ర. "కొంచెం అటిటు అయింది, ఫినిషింగ్ కోసం మూసినం" అన్నాడు. నేను నమ్మాను. చాయ్ తాగి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ఆ ముద్ద కింద నూనె చుక్క ఒకటి జారి రేకు మీద గీత పడింది. పిల్లాడి చెయ్యి జిడ్డనుకుని గుడ్డతో తుడిచాను. తుడిస్తే మళ్లీ వచ్చింది. కంప్రెసర్‌లో తిరిగే నూనె గ్యాస్‌తో పాటు బయటికి వస్తుందని అప్పుడు నాకు తట్టలేదు.

ఆ రాత్రి ఏసీ వేసి తలుపులన్నీ మూసుకుని పడుకున్నాం. నాన్న దివాన్ మీద, పాప కింద చాప మీద. చాపకూ ఫ్రిజ్‌కూ మధ్య మూడడుగులు. సోమవారం పొద్దున లేచి చూస్తే రెగ్యులేటర్ ముల్లు సున్నా మీద ఉంది. సిలిండర్ విప్పి కిరాణా షాపుకు పట్టుకెళ్లి తూకం వేయించాను. మెడ మీద చెక్కి ఉన్న ఖాళీ బరువు ఎంతో అంతే తూగింది. వారం కింద నింపించిన 2 కిలోల గ్యాస్ మొత్తం ఒక్క రాత్రిలో మా హాల్లోకి పోయింది. కార్బన్ డయాక్సైడ్ కిలోకు 500 లీటర్లకు పైనే అవుతుంది. అంటే వెయ్యి లీటర్లు దాటింది. అది కూడా గాలి కంటే బరువైనదే, కింద పడుకున్నవాళ్లకే ముందు తగులుతుంది. మూసిన గదిలో ఎక్కువైతే తల తిరుగుతుంది, ఊపిరి ఆడదు, మనిషి పడిపోతాడు. పాపను రెండుసార్లు ఊరికే లేపి చూశాను.

కొత్త సిలిండర్ పెట్టి, నాన్న గిన్నెలో సబ్బు నురగ కలిపి జాయింట్ల మీద రాశాడు. మధ్యలో గ్యాస్‌ను రెండు దారులుగా చీల్చే టీ (T ఆకారం) జాయింట్ దగ్గర బుడగలు కుప్పలుగా లేచాయి. రెండో రెగ్యులేటర్ లేనే లేదు. చెక్ వాల్వ్ ఒక్కటీ లేదు. రెండు కెగ్గులకూ కలిపి ఒక ఇత్తడి టీ జాయింట్, కంప్రెసర్ గాలి పైపులకు వాడేది, అదీ వదులుగా. నల్లా పైపు చూస్తే మేస్త్రీలు లెవెల్ చూసే పైపంత లావు, రెండడుగులు. 30 పీఎస్ఐ పెట్టి నల్లా తిప్పితే గ్లాసులో ముప్పావు నురగ, నేల మీద మిగతాది.

నల్లా స్టీలుదని చెప్పి డబ్బు తీసుకున్నాడు. నాన్న తన పాత ఆకురాయి తెచ్చి కిందివైపు ఒక గీత గీశాడు. తెల్లటి పూత కింద పచ్చగా ఇత్తడి. సోడా నీళ్లకు పులుపు గుణం ఉంటుంది, ఇత్తడి, రాగి తగిలి నిలిస్తే రాగి కరిగి నీళ్లలోకి దిగుతుంది. అవి తాగితే వాంతులు, కడుపునొప్పి. షుగర్ ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి రోజూ తాగడానికి పెట్టించిన నల్లా అది.

సోమవారం సాయంత్రానికి ఫ్రిజ్ లోపల గోరువెచ్చగా అయింది. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంది, చల్లదనం మాత్రం లేదు. ఈరోజు నేను, నాన్న ఫోటోలు తీసుకుని షాపుకు వెళ్లాం.

"దాంట్ల గ్యాస్ ఎప్పుడో ఎల్లిపోయింది సార్, పాత ఫ్రిజ్ గదా" అన్నాడు. శనివారం రాత్రి దాకా చల్లగానే ఉంది కదా అన్నాను. "అయితే మీరే ఏమన్న కదిలిచ్చి ఉంటరు." ఎం-సీల్ కింద రంధ్రం ఫోటో చూపించాను. ఫోన్ వైపు చూడనే లేదు. అప్పుడు నాన్న మెల్లగా, "బిడ్డా, ఆ సప్పుడు నేను విన్న, పైపు తెగిన సప్పుడది" అన్నాడు. వాడు కుర్చీలోంచి లేవకుండానే, "నువ్వాగు పెద్దాయన, మధ్యల రాకు. రైలింజన్లు చేసిన చెయ్యికి ఫ్రిజ్ సంగతి ఏం తెలుస్తది" అన్నాడు. షాపులో ఇంకో ముగ్గురున్నారు. ఒకడు నవ్వాడు.

తర్వాత నా వైపు తిరిగి, "ముందుగాల మిగిలిన ఆరున్నర వేలు కట్టుండ్రి, అప్పుడు మాట్లాడుదాం" అన్నాడు.

నాన్న ఏమీ అనలేదు. బండి ఎక్కి ఇంటి దాకా ఏమీ అనలేదు. షెడ్డులో అంతమంది చేత పెద్ద ఫిట్టర్ అనిపించుకున్న మనిషి. వాడు అన్నది ఒక ఎత్తు, ఆదివారం నా ఇంట్లో నేను అన్నది ఇంకో ఎత్తు. చెయ్యి ఆనించి పైపు ఎక్కడుందో చెప్పిన మనిషిని నేనే కూర్చోబెట్టాను. ఆ రోజు ఆయన మాట విని ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు. రాత్రి అన్నం దగ్గర చెప్పాను, తప్పయిపోయింది నాన్నా అని. "ముందు ఆ టీ జాయింట్ తీసేయ్" అన్నాడు, అంతే.

ఇప్పుడు మీకు చెప్పాల్సినవి నాలుగు ముక్కలు. నల్లా తలుపుకే పెట్టించండి. పక్కలకు రంధ్రం చేస్తామంటే ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు చెయ్యి ఆనించి చూడమనండి, చూడనంటే పంపించేయండి. పని అయ్యాక వాళ్లు ఇంట్లో ఉండగానే సబ్బు నురగ రాయించండి. సిలిండర్ మీటరు చూసి గ్యాస్ ఉందనుకోవద్దు, లోపల ద్రవం అయిపోయే దాకా ముల్లు ఒకే చోట నిలబడుతుంది, తూకం వేస్తేనే తెలుస్తుంది. రాత్రిపూట సిలిండర్ వాల్వ్ కట్టేయండి. బిల్లు లేకుండా రూపాయి ఇవ్వొద్దు.

నేను పొద్దున వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. వాళ్లతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు పెడతాను. 2019 చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. యూపీఐ రసీదు, చీటీ, వాట్సాప్ మాటలు, ఎం-సీల్ మీద వాడి వేలిముద్ర ఫోటో అన్నీ దాచి పెట్టాను. ఇదే షాపులో మోసపోయినవాళ్లు ఉంటే మెసేజ్ చేయండి, ఒక్కడి కంటే నలుగురం వెళ్తే వేరే ఉంటుంది.

ఫ్రిజ్‌ను వరండాలోకి తోసి ప్లగ్ పీకేశాను. తెగిన పైపును వదిలేసి వెనక వేరే కాయిల్ వేసి ఆర్600ఏ నింపొచ్చని ఒకాయన అన్నాడు. ఆ పని నిజంగా తెలిసినవాళ్లు కాజీపేట, మడికొండ వైపు ఎవరైనా ఉంటే చెప్పండి. ఈసారి నాన్న పక్కనే నిలబడతాడు, ఎక్కడ రంధ్రం చేయాలో ఆయనే గీత గీస్తాడు.